సైరన్ మోగని పెళ్లి

అర్యాల్ సార్‌కి, మంచు సరస్సు దిగువ ఊళ్లో మీరు నియమించిన సైరన్ కాపలాదారు దండం పెట్టి రాస్తున్నది.

సరస్సు నీరు ఎంత పెరిగితే సైరన్ మోగాలో చెప్పే అంకెను మీకు చెప్పకుండా ఒక్కరోజుకి పెంచేశాను సార్. ఎండ కాస్తే చాలు, మంచు కరిగి అది ఉత్తపుణ్యానికే మోగుతుంది. సరస్సు గట్టు తెగిందనుకుని మేం పిల్లల్ని చంకనేసుకుని బంగాళాదుంప మళ్ల మీదుగా కొండపైకి పరిగెడతాం. పొరుగింటి ఫుటీ అత్త, "మా పిల్ల పెళ్లిలో నీ సైరన్ పెట్టె ఏడ్చిందంటే నిన్ను దానికే కట్టేస్తా" అంది.

పెళ్లిలో ఊరంతా భుజాలు కలిపి ఆడింది. నేను మాత్రం ఛాంగ్ కల్లు ముట్టకుండా నది చప్పుడు వింటూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. అత్త అందరి ముందూ నా మెడలో తెల్ల కండువా వేసింది. మర్నాడే అంకె సరిచేశాను.

ఏమీ కాకపోవడమే ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. "పరాయి పిల్ల పెళ్లికి ఆ పెట్టె నోరు నొక్కావు, కన్నకూతురికి చెయ్యవా?" అంటోంది మా ఆవిడ. మా అమ్మాయి పెళ్లి వచ్చే నెలే.

దయచేసి ఆ పెట్టె పాస్‌వర్డ్ మార్చేయండి. రేపు నేనే ఫోన్ చేసి కొత్తది చెప్పమని బతిమాలుతాను. చెప్పకండి.