ఏ తోకచుక్కో తెలియకుండానే

జమ్మలమడుగు

చిరంజీవి తమ్ముడు విష్ణుతేజకు అక్క హరిణి ఆశీస్సులు. ఇక్కడ మీ బావ, మా అత్తయ్య, నేను క్షేమం. క్షేమమే గానీ, ఒళ్లూ మనసూ అలిసిపోయాయిరా.

జపానులో చలి ఎక్కువని రాశావు. చింతకాయ తొక్కు పంపాను, అందిందా? నీ పని గురించి అత్తయ్యకు చెప్పావా అని అడిగావు. చెప్పాను. వత్తులు చేసుకుంటూ, "తోకచుక్క కనపడితేనే అరిష్టమంటారు. నీ తమ్ముడు దానికి ఎదురుపోయేదానికి రాకెట్టు చేస్తాండాడా? వానికేం పొయ్యేకాలమే!" అంది.

నువ్వు రాసినట్టే వివరించాను. మీ అంతరిక్ష నౌక ముందే పోయి ఆకాశంలో ఒకచోట కాచుకొని ఉంటుందని, రాబోయే తోకచుక్క ఇంకా ఎవరి కంటా పడలేదని, కనబడ్డాకే దానికి ఎదురెళ్తుందని. అత్తయ్య చేతిలో వత్తి ఆగిపోయింది. "ఏది వస్తాదో తెలీకుండానే పోయి కూర్చుంటాదా? పాపం, ఎంత ఓపికమ్మా దానికి!" అంది. ఇన్నేళ్లలో ఆ పాపం అనే మాట నా కోసం ఆమె నోట రాలేదు.

పోయిన శుక్రవారం రాజుపాలెంలో మా ఆడబిడ్డ కూతుర్ని ఉయ్యాలలో వేశారు. మన ఆచారం తెలుసు కదా, ముందు రుబ్బురోటి పొత్రానికి కొత్తగుడ్డ చుట్టి ఉయ్యాలలో ఊపి, ఆ తర్వాతే బిడ్డను వేస్తారు. "హరిణీ, నువ్వు పొత్రం ఎత్తుకో. బిడ్డను ఇంకెవురన్నా ఎత్తుకుంటార్లే" అంది అత్తయ్య, అందరి ముందరే. ఎత్తుకున్నాను. రాయి ఒళ్లో చల్లగా, బరువుగా ఉంది. ఉయ్యాలలో వెయ్యాలని అడిగినా దాన్ని వెంటనే ఇవ్వలేకపోయాను. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. చివరికి మీ బావే వచ్చి దాన్ని తీసుకొని, "ఇంటికి పోదాం పా" అన్నాడు.

నీకు ఫోనులో చెప్పలేక దాచిన మాట ఒకటుంది. ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోవడం మానేశాను. ఇంకొక్కసారి చూద్దామంది డాక్టరమ్మ. నా వల్ల కాదన్నాను. ఆ సూదులూ, ఆ ఆశా, ఆ ఏడుపూ ఇక చాలు. మీ బావా నేనూ దత్తతకు పేర్లు ఇచ్చాం. ఎవరి బిడ్డో, ఎప్పుడొస్తుందో తెలియదు. అసలు ఇంకా పుట్టనే లేదేమో.

అత్తయ్యకు ఈ సంగతి చెప్పలేదు. "గోత్రం తెలీని బిడ్డనా?" అంటుందని మీ బావకు నోరు పెగలడం లేదు. ఆమె మొహం తిప్పుకునే ఇంటికి ఏ బిడ్డనూ తెచ్చుకోలేను నేను.

అందుకే ఆదివారం ఆమెకు ఫోను చెయ్యి. మీ నౌక కథ మళ్లీ మొదటినుంచి చెప్పు. ఆమె "పాపం" అనేదాకా ఆగు. అన్నాక, ఫోను నాకివ్వమను.

ఇట్లు,
ఇక్కడ కాచుకొని ఉన్న నీ అక్క,
హరిణి