నిమ్మకాయ కట్టిన ప్లగ్గు

నంద్యాల, 1959, మహర్నవమి రాత్రి

కరెంటు వచ్చిన కొత్తలో, మా బస్సులు కడిగే నీళ్ల మోటారుకు షెడ్డు బయటి గోడకే ప్లగ్గు పెట్టించినాడు తమ్ముడు. దానికి ఎర్తు తీగ వేయించి, నీళ్లు పడకుండా మూత బిగిస్తానని నా ముందర ఒట్టేసినాడు. రెండూ చేయలేదు. కరెంటు పుస్తకాల్లో చదివిన ప్రమాదాలు చెప్పి నేను అడిగినప్పుడల్లా, "నీ పుస్తకాల్లోవన్నీ జరిగేటట్లయితే మనం ఎప్పుడో బూడిదై ఉండాల కదన్నా" అని నవ్వేవాడు. ఏటా ఆయుధపూజకు మాత్రం మరవకుండా ఆ ప్లగ్గుకు పసుపూ కుంకుమా పూసి నిమ్మకాయ కట్టేవాడు.

ఈ పొద్దున పూజకని బస్సు కడుగుతుంటే గొట్టంలోని నీళ్లు ఎగజిమ్మి ప్లగ్గును తడిపినాయి. మోటారు ఆపుదామని తడి చేత్తోనే ప్లగ్గును పట్టుకున్న మా క్లీనరు ఖాసిం మళ్లీ వదల్లేకపోయినాడు. మేము మెయిను స్విచ్చి తీసేసరికే ప్రాణం పోయింది. అంతకుముందే వాడు కడిగి పెట్టిన ఇంకో బస్సులోనే, దానికి వేసిన పూలదండలు తీసేసి, ఆళ్లగడ్డలో వాని ఇంటికి చేర్చినారు.

"వాని గాచారమన్నా, తలరాత. ఇంగ నువ్వు పుస్తకం తీయొద్దు" అన్నాడు తమ్ముడు.

సాయంత్రం చూస్తే ప్లగ్గుకు కొత్త నిమ్మకాయ వేలాడుతోంది. రేపు ఇంకొకడు గొట్టం పట్టుకుంటాడు. మూత గురించి మళ్లీ చెప్పే ఓపిక నాకు లేదు, చెప్పినా వినేవాడు లేడు. ఊరంతా గాచారాన్ని తిడుతోంది. నేను మాత్రం నా తోడబుట్టిన వెంకటసుబ్బయ్యనే అంటాను.