సగం మాత్ర

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ ఇద్దరం క్షేమమని రాయబోయి కలం ఆపాను. తింటున్నాం, పడుకుంటున్నాం. అంతవరకు నిజం.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. కిటికీ తలుపు బాగుచేయించాను. పక్కింటి పిన్నిగారు నీ గిన్నె ఇవ్వలేదు, అడిగితే అది తనదేనంటోంది. అన్నయ్య ఫోన్‌కు ఎందుకు రావడం లేదంటే, ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి మొన్ననే ఇంటికొచ్చాడు. కంగారుపడకు, లేనివాళ్ళ గొంతులు వినిపించడం తగ్గింది. ఇప్పుడు మాత్రల బదులు నెలకో ఇంజెక్షన్.

మందులు ఎప్పటికి ఆపొచ్చని రాశావు. డాక్టరమ్మ ఆ మాట ఎత్తొద్దంది. మందు తప్పకుండా వాడుతూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఎంతోమంది ఉన్నారట. కానీ తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం కష్టమవుతుందట. అన్నయ్య మళ్ళీ గడియారాలు బాగుచేయగలడా అంటే మాత్రం మాట ఇవ్వలేదు.

ఎలా తిరగబెట్టిందని అడుగుతావు. అడగకముందే చెప్పాలి.

మాత్రలకు అన్నయ్య చేతులు వణికేవి. గడియారాల కొట్టు యజమాని నా ఎదుటే, "మీ అన్న పట్టకారు పడితే ఆగిన గడియారం కూడా గంతులేస్తోందమ్మా" అని నవ్వాడు. అన్నయ్యా నవ్వాడు. ఇంటికొచ్చాక చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చూడలేకపోయాను. చదువుకున్నదాన్ని కదా, వణుకు మందు వల్లేనని నాకు తెలుసు. మర్నాటి నుంచి మాత్రను బ్లేడుతో కోసి సగమే ఇచ్చాను. డాక్టరమ్మే తగ్గించమందని అబద్ధం చెప్పాను. నమ్మాడు.

మూడు వారాలు చెయ్యి నిలకడగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. నాలుగో వారం కొట్టులో గడియారాలన్నీ విప్పేసి, వాటి లోపల కూర్చుని తనను తిడుతున్నవాళ్ళ కోసం వెతికాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "వణుకుతున్నాయని ఒక్క మాట చెప్పి ఉంటే దానికీ ఏదో ఒకటి చేసేదాన్ని కదమ్మా" అంది. అంతకంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

నిన్న అన్నయ్యకు అంతా చెప్పేశాను.

"ఆ మూడు వారాలు నాకు నయమైపోయిందనుకున్నానే," అన్నాడు. "అమ్మకు రాద్దామని కాగితం కూడా కొన్నాను."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ కాగితం మీదే నీకిది రాస్తున్నాను. నువ్వైనా తిట్టమ్మా.

ఇట్లు,
నీ చిన్నది