నాలుగు అక్షరాలు పట్టని బోర్డు

అల్వాల్, సికింద్రాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు హిమజకు,

అక్క కల్పలత దీవించి రాస్తున్నది. ఇక్కడ నా ఎడమ మోకాలు తప్ప అందరం క్షేమం. విశాఖలో మీరు ముగ్గురూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుందని రాశావు. మా డాబా ఎక్కితే పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. సంతోషమే అనుకో, కుళ్ళు కూడా. ఈ ఉత్తరమంతా కుళ్ళే, ముందే చెబుతున్నాను.

ఫోన్ చేయకుండా రాయడమెందుకంటావా? ఫోన్‌లో నా నోరు ముందు పోతుంది, బుద్ధి వెనకాల వస్తుంది. నువ్వేమో "అక్కా, జెర మెల్లగ" అంటావు. దాంతో నాకు ఇంకా మండుతుంది. ఇవాళ చెప్పాల్సింది మండకుండా చెప్పాల్సిన సంగతి.

ముందు నీ ప్రశ్నలు. మోకాలికి డాక్టర్ ఏమన్నాడని అడిగావు. మెట్లు ఎక్కొద్దన్నాడు. రాణిగంజ్ దుకాణం మెట్లు మరి ఆయనొచ్చి ఎక్కుతాడా? మీ బావకు షుగర్ అదుపులోనే ఉంది, దొంగచాటుగా జిలేబీ తినడం మాత్రం అదుపులో లేదు. ఇక మన రాహుల్ కాలేజీలో ఇంటి వ్యాపార చరిత్ర రాయమన్నారట, పెద్దమ్మను అడగమని మూడు ప్రశ్నలు పంపించాడు. చక్కటి దస్తూరి. నీ పోలికే.

స్టీలు వ్యాపారం అప్పటికీ ఇప్పటికీ ఎలా మారిందన్నాడు. నాయన మొదలుపెట్టినప్పుడు నున్నటి గుండ్రటి సలాకలే ఉండేవని చెప్పు. తర్వాత మెలితిప్పినవి వచ్చాయి, ఆ తర్వాత ఇప్పటి టీఎంటీ. అప్పట్లో సరుకు కావాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ దొరికినా లారీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. తొంభై రెండులో కంట్రోలు ఎత్తేశాక రాణిగంజ్‌లో లారీలకు సందు లేకుండా పోయింది. ఎన్ని మారినా మన దుకాణంలో ఒకటి మారలేదు. వచ్చిన ప్రతి లోడు నుంచి ఒక సలాక తీసి, వాకిట్లో ఉన్న ఇనుప స్తంభానికి ఆనించి జడపిన్నులా వంచాలి. వంపులో వెంట్రుకంత పగులు కనిపించినా లారీ వెనక్కి పోవాల్సిందే. నాయన వంచేవాడు, పీర్ మహమ్మద్ చాచా వంచేవాడు, ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను దగ్గరుండి వంచిస్తున్నాను.

సంస్థ ఎప్పుడు పుట్టిందన్నది రెండోది. పంతొమ్మిది వందల ఎనభై అని వాడికి ఫోన్‌లో చెప్పాను. ఆగు, ఆ మాట రాసుకుని ఉంటే కొట్టేయమను. ఎందుకో చెబుతాను.

ఇక మూడో ప్రశ్న. "పెద్దమ్మా, అమ్మ ఎన్నడూ దుకాణంలో కూర్చోలేదు కదా, మరి హిమజ స్టీల్స్ అని ఎందుకు పెట్టారు?" అని అడిగాడు నీ సుపుత్రుడు. హిమజా, ఆ ప్రశ్న నేను ఆరేళ్ళ వయసు నుంచి అడుగుతున్నాను.

నీకు గుర్తుందో లేదో. దసరాకు దుకాణంలో తూకం కాటాకు పూజ చేసేవాళ్ళం. నాయన నిన్ను చంకనెత్తుకుని, "పేరుగల్ల బిడ్డ పెట్టాలె" అని మొదటి బొట్టు నీ చేత పెట్టించేవాడు. పళ్ళెం పట్టుకుని నిలబడేది నేను. గోడ మీద క్యాలెండర్‌లో నువ్వు, లారీ తలుపు మీద నువ్వు, అమ్మ కూరగాయలకు తీసుకుపోయే సంచి మీద కూడా నువ్వే. ఒకనాడు ఏడ్చి గోల చేశాను, నా పేరెందుకు పెట్టలేదని. నాయన నా తల నిమిరి, "నీ పేరు పొడుగు బిడ్డా, బోర్డు మీద పట్టది" అన్నాడు.

నీ పేరు మూడక్షరాలు, నాది నాలుగు. ఒక్క అక్షరం ఎక్కువైనందుకు పన్నెండడుగుల బోర్డు మీద నాకు చోటు లేకపోయింది! ఆ మాట నేను నమ్మాను. బడిలో నోటుబుక్కుల మీద నా పేరు చిన్న చిన్న అక్షరాలతో రాసుకునేదాన్ని, చోటు ఎక్కువ తీసుకోవద్దని.

పెద్దయ్యాక ఇంకా బాగుంది. నువ్వు టీచరువై, విజయేందర్‌ను పెళ్ళాడి విశాఖ పోయావు. నేను రోజుకు పది గంటలు ఆ తుప్పు వాసనలో కూర్చున్నాను. అందరూ నన్ను ఏమని పిలుస్తారో తెలుసా? హిమజ మేడమ్! తిరుమలగిరి నుంచి వచ్చే మేస్త్రీలు, డ్రైవర్లు, చివరికి చాయ్ తెచ్చే అతను కూడా. "హిమజ కాదు, నేను కల్పలతను" అంటే, "అదే మేడమ్" అంటారు. ఏది అదే? నీ మీద నాకు ప్రేమ లేదనుకోకు. ప్రేమ ఉంది, దాని పక్కనే ఇది కూడా ఉంది.

సరే, అసలు సంగతికి వస్తాను. పది రోజుల క్రితం బోర్డు దింపించాను. తుప్పు పట్టింది, కొత్తది రాయించాలని. రాసే తుకారాం నీకు తెలుసు కదా, వాళ్ళ నాన్న కూడా మనకు బోర్డులు రాసేవాడు. రేకు మంచిదే, గీకి మళ్ళీ వాడుకుందామని వాకిట్లో కూర్చుని గీకుతున్నాడు. కాసేపటికి, "మేడమ్, జెర ఇటు రాండ్రి. కింద ఇంకొక పేరుంది. మీరే జూడుండ్రి" అని పిలిచాడు.

వెళ్ళి చూశాను. నీ మూడక్షరాల కింద, ఎర్ర రంగులో, కల్పలత ఐరన్ ట్రేడర్స్ అని ఉంది. పక్కన 1975. నేను పుట్టిన సంవత్సరం. నాలుగక్షరాలూ ఎంచక్కా పట్టాయే హిమజా! రెండు వైపులా ఒక్కో తామరపువ్వు వేసేంత చోటు కూడా మిగిలింది.

పీర్ మహమ్మద్ చాచాకు కబురు పంపాను. మన దుకాణంలో పని మానేసి ఆరేళ్ళయినా పిలిస్తే వస్తాడు పాపం. బోర్డు చూశాడు. కుర్చీ వేయిస్తే కూర్చుని, అప్పుడు చెప్పాడు.

"ఏం జెప్పాలె బిడ్డా. నీకు ఎన్నడు జెప్పొద్దని సేట్ నాతోని ఒట్టు వెట్టించుకుండు. మీ నాయన పోయి పదహారేండ్లాయె. బోర్డే జెప్పినంక ఇగ నేనేం దాస్త? డెబ్బై తొమ్మిదిల వానకాలం. సరుకు దొరుకుతలేదు, గిరాకీలు మీదికొస్తున్నరు, సేట్ మస్తు పరేషాన్ల ఉండె. ఎవడో తుక్కు కరగబెట్టి చేసిన సలాకలు తెచ్చిండు. వంచి చూడకుంటనే దించుకుండు. సీతాఫల్‌మండిల ఒక ఇంటి సజ్జ కూలి మేస్త్రీ కాలు ఇరిగింది. ఇగ బజార్ల ఒకటే మాట. కల్పలత సలాకనా? వద్దు భాయ్, ఇరుగుతది అని."

"అందుకని పేరు మార్చాడా చాచా?" అన్నాను.

"దానికి గాదు. దుకాణం బంద్ చేస్తనన్నడు గని పేరు మారుస్తననలే. ఒకనాడు ఇంటికి వోతే గల్లీల పోరగాళ్ళు నీ సుట్టు తిరుగుకుంట 'ఇరిగేటి కల్పలత, ఇరిగేటి కల్పలత' అని ఎగురుతున్నరట. నీకు నాలుగేండ్లు. నువ్వు సుత నవ్వుకుంట చప్పట్లు గొడుతున్నవట. తెల్లారి నిచ్చెన తెమ్మన్నడు. నేనే పట్టుకున్న. ఏడ్చుకుంట ఆయనే రంగు వూసిండు. నా బిడ్డ పేరును బజార్ల తిట్టిస్తనా పీరూ అన్నడు. కొన్ని నెలలకు నీ చెల్లె పుట్టింది, బోర్డు మీద హిమజ అని రాయించిండు. ఈ పేరు మీద ఒక్క సలాక ఇరిగినా షాపు మూస్త అన్నడు. ఆ దినం సంది ఈ వంచుడు షురూ."

నేను ఆ బోర్డు పక్కన నేల మీదే కూర్చుని ఏడ్చాను. గిరాకీలు చూస్తున్నా ఆగలేదు. నలభై నాలుగేళ్ళు నాయన మీద మోసిన కోపం ఎక్కడ దించాలో తెలియలేదు. అమ్మ కూడా ఒక్క మాట బయటికి రానివ్వలేదు చూడు.

అయితే నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? ఏడ్చి, ముఖం కడుక్కుని, చాయ్ తాగేసరికి మళ్ళీ కుళ్ళు వచ్చింది. నా పేరు మీద తప్పు చేసి, నీ పేరు మీద సరిదిద్దుకున్నాడు. నా పేరుకు వంచి చూడని సలాక, నీ పేరుకు ప్రతి లోడూ పరీక్షే. పెనం మీద మొదటి దోసెను నేను. నువ్వేమో గుండ్రంగా ఎర్రగా వచ్చిన రెండోదానివి.

ఇప్పుడు, ఇంతసేపూ దాచింది రాస్తాను. బోర్డు తుప్పు పట్టి దింపించానన్నది అబద్ధం. పోయిన నెల నీకు పంపినవన్నీ జీఎస్టీ కాగితాలని చెప్పాను. వాటిలో మూడోది అది కాదు. సంస్థ పేరు మార్చడానికి సగం వాటాదారుగా నీ సమ్మతి. మధ్యలో పెట్టాను, నువ్వు చూడకూడదనే. తుకారాంకు అప్పటికే కొత్త పేరు చెప్పి ఉంచాను. కల్పలత స్టీల్స్ అని.

నువ్వేమో అన్నింటి మీదా సంతకం పెట్టి, "అక్క పంపినంక ఇగ చదువుడెందుకు" అని చీటీ కూడా రాసి పంపావు. అది చూసి మనిషన్నవాళ్ళకు సిగ్గు రావాలి. నాకు ముందు కోపం వచ్చింది, మంచితనంలో కూడా నువ్వే ముందా అని. సిగ్గు పది రోజుల తర్వాత, ఆ రేకు పక్కన కూర్చున్నప్పుడు వచ్చింది. నన్ను క్షమించమని అడగడం నాకు చేతకాదు, నీకు తెలుసు. అడుగుతున్నాను.

ఆ మూడో కాగితాన్ని చించి ముక్కలు ఈ కవరులోనే పెట్టాను. దాంతోపాటు ఇంకొక కాగితం ఉంది. తెలుగులో, నా చేత్తో, నాలుగు లైన్లు. ఇది దొంగ కాగితం కాదు. నాకు అరవై వచ్చేదాకా, పదేళ్ళు, దుకాణానికి నా పేరు ఉండనిమ్మని అడుగుతున్నాను. రెండు పేర్లూ కలిపి రాస్తానన్నాడు తుకారాం. వద్దన్నాను. ఎవరి పేరు ముందని మళ్ళీ పంచాయితీ ఎవరు పడతారు? అదీకాక, ఇది ఇప్పుడు నీతో పోటీ కాదు. రాణిగంజ్‌లో నా పేరు మీద అమ్మిన చివరి సలాక విరిగింది హిమజా. విరగని సలాకలు కొన్నైనా ఆ పేరు మీద బండెక్కాలి. పదేళ్ళ తర్వాత మళ్ళీ నీ పేరే రాయించు. మోకాలు ఒప్పుకుంటే నిచ్చెన నేనే పట్టుకుంటాను.

ఈసారి చదివి సంతకం పెట్టు. పెట్టకపోతే నేనేమీ అనుకోనని రాయబోయాను. అబద్ధం. అనుకుంటాను. అయినా నీ పేరుతోనే దుకాణం తెరిచి, ప్రతి లోడూ వంచిస్తాను, హిమజ మేడమ్ అంటే పలుకుతాను.

రాహుల్‌తో చెప్పు, సంస్థ పుట్టింది పంతొమ్మిది వందల డెబ్బై ఐదులో. విజయేందర్‌కు నా ఆశీస్సులు. నువ్వు సముద్రం చూసినప్పుడు నన్ను తలుచుకో, నేను ఎలాగూ కుళ్ళుకుంటూనే ఉంటాను.

ఇట్లు,
బోర్డు మీద చక్కగా పట్టే నీ అక్క,
కల్పలత.