వాని ఇంటెదురు టీ కొట్టు

కుప్పం,
మంగళవారం.

అక్కా,

మదనపల్లెలో మీ ఇంట్లో మనం ఫోన్లో చూసిన హత్యల సీరియల్ గుర్తుండాదా? తన మొగుణ్ణి చంపినోడి ఇంటెదురుగానే ఆయమ్మ బాడుగకు దిగింది. "దీనికేమన్నా పిచ్చా, యాల పోయింది ఆడికి?" అంటివి. నాకిప్పుడు తెలిసింది.

పుంగనూరు దావలో మన తమ్ముడు దేవరాజను లారీతో తొక్కి చంపిన రామచంద్రప్ప, సాక్షులు మాట మార్చేసరికి బెయిలు మీద బయటపడె గదా. నేను వాని ఇంటెదురుగానే టీ కొట్టు పెట్టినా. ఒక మాటా అనను. జడ్జి వదిలినా నేను వదల్లేదని తలుపు తీస్తానే వానికి దినామూ తెలియల్ల. నెలకే వాడు పెరటి దావన పోయేది మొదులుపెట్టినాడు.

నిన్న వాని పెండ్లాం సుమలత వచ్చింది. "ఆయనకు ముద్ద దిగడంలేదక్కా, కొట్టు యాడికన్నా మార్చుకో" అనింది.

"మా తమ్ముడు ముద్ద తిని రెండేండ్లయింది" అన్నా.

ఆమె కొట్టు ముందర బెంచీమింద కూర్చోని, "ఆపొద్దు లారీకంటిన నెత్తురు కడిగింది నేనే. ఇంగ ఈ పాపం మొయ్యడం నాకు చేతగాదు" అనింది.

స్టేషన్లో చెప్పేదానికి ఒప్పుకుండాది. శుక్రవారం పొద్దున ఆమెను పిల్చుకపోతాండా. నువ్వు తొలి బస్సుకే రా. వాణ్ణి జీపెక్కించేటప్పుడు మనిద్దరం వాని కండ్లముందర నిలబడల్ల.

నీ చెల్లెలు