బుడంకాయ ఎదగకూడదు

పాప వాళ్ళమ్మకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. ఆ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు రాదు కాబట్టి, బాగుండాలి అని మాత్రం రాస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. డాక్టరుగారు నెలలు అనడం మానేసి రోజులు అంటున్నారని రాశావు. అక్కడే ఆగిపోయాను. కాగితం మడిచి గల్లాపెట్టెలో పెట్టి, ఒకావిడ చేతి గడియారానికి పట్టీ మార్చి ఇచ్చి, మళ్ళీ తీసి చదివాను. ఒక్క అక్షరం కూడా మారలేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం మానేసింది, తిప్పితే మాత్రం కుయ్యోమంటుంది. రెండు పూటలా తింటున్నాను. నా వంట సంగతి నీకు తెలిసిందే, ఉడికితే ఉప్పుండదు, ఉప్పుంటే ఉడకదు. పాప స్కూలు బూట్లు తలుపు వెనకే ఉన్నాయి. మీ తమ్ముడు వచ్చి "అడ్డంగా ఉన్నాయి, తీసెయ్యనా బావా?" అన్నాడు. "వాటి జోలికొస్తే కాళ్ళు విరగ్గొడతా" అన్నాను. పాపం, వాడు మంచికే అన్నాడు. నువ్వే వాడికి ఓ మాట చెప్పు.

ఇక అసలు ప్రశ్న. "పొద్దున లేస్తే గేమ్ ఏదీ అని ప్రాణం తీస్తోంది. మీకు చీమ కుట్టినట్టయినా లేదా?" అని రాశావు. ముందు పోస్టులో ఆలస్యమన్నాను. తర్వాత తెర పాడైందన్నాను. ఆ తర్వాత సామాను దొరకలేదన్నాను. మూడూ అబద్ధాలే. ఫోనులో చెబుదామంటే, నా గొంతు వినగానే నువ్వు పసిగట్టేస్తావు.

ఆ ఆట నీకెప్పుడూ ఎక్కలేదు కదా. వింత జంతువుల్ని పట్టుకుని, పెంచి, పోట్లాడించాలి. బలం పెరిగి ఒక మెట్టు దాటగానే అవి రూపం మార్చుకుని పెద్దవైపోతాయి. మూడేళ్ళ నుంచి పాప పెంచుతున్నవే అవన్నీ. నోట్లోంచి నిప్పులు కక్కేదానికి 'పెద్దత్త' అని పేరు పెట్టింది (మా అక్కకి చెప్పకు). నున్నటి బండరాయిలా ఉన్నదానికి 'బట్టతల' అని నా పేరు. అన్నిటికన్నా ముందు దొరికింది బొజ్జ ఉన్న ఓ పచ్చబల్లి, దాని పేరు బుడంకాయ. ముప్పై నాలుగో మెట్టుకొచ్చినా దాన్ని మాత్రం పెద్దది కానివ్వలేదు. ఎదగబోయే ముందు తెర తళుక్కుమంటుంది. అప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది.

"ఎందుకే దాన్నలా తొక్కిపెడతావు?" అని అడిగాను ఓసారి.

"పెద్దదైతే నా భుజం మీద కూర్చోదు నాన్నా."

నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మీరు వెళ్ళాక ఇంట్లో ఉండిపోయిన గేమ్‌ని పంపేముందు శుభ్రం చేద్దామని, అందులో దూర్చే క్యాసెట్ విప్పాను. లోపల మన గడియారాల్లో ఉండేలాంటి బిళ్ళ బ్యాటరీ ఒకటి కనిపించింది. మూడేళ్ళు దాటింది, అక్కడికెళ్ళాక ఆగిపోతే పిల్ల ఏడుస్తుందని, తీసి కొత్తది అతికించాను. పాతికేళ్ళుగా చేస్తున్న పని. గడియారంలో బ్యాటరీ తీస్తే టైమొక్కటే పోతుంది, ముల్లు తిప్పుకుంటే సరి. ఈ క్యాసెట్ జ్ఞాపకమంతా ఆ బిళ్ళ మీదే నిలబడి ఉంటుందని నాకు తెలియదే! పెట్టి చూస్తే 'కొత్త ఆట' అన్న వరస ఒక్కటే ఉంది. పెద్దత్త లేదు, బట్టతల లేదు, బుడంకాయ లేదు. పాప మూడేళ్ళనీ నా పట్టకారుతో నేనే పీకేశాను.

అప్పటినుంచి నలభై రోజులుగా నేనే ఆడుతున్నాను. ఆ బల్లినే ఎంచుకుని, ఆ పేరే పెట్టి, గిరాకీ లేనప్పుడల్లా పెంచాను. గడియారం కోసం వచ్చిన లెక్కల మాస్టారు తొంగిచూసి "ఈ వయసులో ఇదేంటండీ?" అన్నారు. "రిపేరుకొచ్చింది, పరీక్ష చేస్తున్నా" అన్నాను. పదహారో మెట్టు దగ్గర తెర తళుక్కుమంది. అప్పుడు నా కుడిచేతిలో మాస్టారి గడియారం మర ఉంది. దాన్ని కింద పెట్టి బటన్ నొక్కేలోపు బుడంకాయకి కొమ్ములొచ్చాయి, రెక్కలొచ్చాయి. మళ్ళీ చిన్నదాన్ని చెయ్యడం కుదరదట. ఈ ఆటలో వెనక్కి వెళ్ళడం లేదు.

చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు తొమ్మిదో మెట్టు. ఇవాళ షట్టరు దించేసి రోజంతా ఆడినా పదకొండు దాటను. పాపకి కావాల్సింది ముప్పై నాలుగు. నీ ఉత్తరం చూశాక లెక్కేసుకున్నాను, కుదరదు. పెద్దత్తనీ బట్టతలనీ వెతకడానికి ఇంకా ఎన్నో అడవులు దాటాలట. ఇక ఆడను.

ఎల్లుండి పొద్దున్న బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం నాకన్నా ఒకరోజు ముందు చేరుతుంది. నేను వచ్చేలోపు పాపకి నువ్వే చెప్పు. అటూ ఇటూ తిప్పకు, మీ నాన్న పాడుచేశాడని చెప్పు. చిన్న బుడంకాయ ఒకటి వస్తోంది, కొమ్ముల్లేవు, భుజం మీద కూర్చుంటుంది అని కూడా చెప్పు. పాప ఊరుకోదు, "బుద్ధుందా నాన్నా నీకు" అని మొదలుపెడుతుంది. తిట్టనీ. నువ్వు అడ్డు రాకు.

నేను వార్డు తలుపు బయటే నిలబడతాను. తిట్టడం అయ్యాక పిలువు. తిట్టే ఓపిక లేకపోతే, అప్పుడూ పిలువు.

ఇట్లు,
పాప వాళ్ళ నాన్న