తెల్లగా మిగిలిన నిమ్మకాయలు

మరియం, నీకు తెలుగు రాదు. వచ్చినా చదవడానికి నువ్వు లేవు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ఇవాళ మా మ్యూజియంలో నువ్వు వేసిన బొమ్మ గోడెక్కింది. మీ దేశంలో యుద్ధం నడిచిన ఆఖరి ఏడాది అది ఎలాగో అమెరికా చేరింది. నీకు మాత్రం వీసా రాలేదు. బొమ్మల సంరక్షణ నా ఉద్యోగం కాబట్టి పెట్టె విప్పింది నేనే. చెట్టుంది, ఆకులున్నాయి, నిమ్మకాయలుండాల్సిన చోట గుండ్రంగా ఉత్త తెల్ల కాన్వాసు. వీడియో కాల్‌లో అడిగితే పకపకా నవ్వావు.

"పసుపు రంగు అయిపోయింది, షాపులన్నీ మూసేశారు. వీసా రానీ, అక్కడికొచ్చి వేస్తాను."

ఆ సాయంత్రమే పసుపు ట్యూబు కొని పెట్టుకున్నాను. యుద్ధం ఆగింది. ఆగేనాటికి నువ్వు లేవు.

ఇప్పుడు ఆ తెలుపు ముందు నిలబడి జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. యుద్ధం మింగేసిన ప్రాణాలట అవి! పసుపు దొరక్కపోవడం ఎవరికీ చాలదు కాబోలు. మా క్యూరేటర్‌కి ఉన్న సంగతి చెప్పాను.

"నాకూ తెలుసు. కానీ ఇలాగే బాగుంది, ఎవరితోనూ అనకు" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయనా అదే పాట. "ఊరుకో తల్లీ, నీ హెచ్-వన్ వీసా వాళ్ళ చేతిలో ఉంది."

ఊరుకున్నాను.

బొమ్మ మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా నిన్న అద్దం బిగించిందీ నేనే. స్క్రూ తిప్పడానికి వంగినప్పుడల్లా, కోటు జేబులో పసుపు ట్యూబు పక్కలో గుచ్చుకుంటూనే ఉంది.